బిడ్డ సముద్రం దాటింది, మిగిలిన దూరం మీది

ఆ పాప జుట్టు చూడగానే నాకు సంగతి అర్థమైంది. నడుం దాకా ఉన్న ఒత్తయిన నల్లటి జుట్టు, నూనె చుక్క లేక పీచులా ఎండిపోయింది. మెడ వెనక పెద్ద చిక్కుముడి. అమెరికాలో మేము శనివారం పొద్దున నడిపే తెలుగు క్లాసుకి వాళ్లమ్మ తీసుకొచ్చింది. వాళ్లమ్మది గోధుమరంగు జుట్టు, నీలి కళ్లు. పాపకు ఎనిమిదేళ్లు. రెండేళ్లప్పుడు హైదరాబాద్‌లోని ఒక శిశుగృహం నుంచి దత్తత వెళ్లింది.

క్లాసు అయ్యాక ఆ తల్లి నన్ను పక్కకు పిలిచింది. "రోజూ షాంపూ పెడతాను, రోజూ దువ్వుతాను. దువ్విన ప్రతిసారీ ఏడుస్తుంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్తారా?" అని అడిగింది.

నీ జుట్టు మొండిది అని పాపను అనలేదు. తప్పు తన వైపు వెతుక్కుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడ మీద నాకు గౌరవం పుట్టింది.

మరుసటి శనివారం కొబ్బరినూనె సీసా, వెడల్పు పళ్ల దువ్వెన పట్టుకెళ్లాను. రోజూ తలంటడం మానండి, వారానికి రెండుసార్లు చాలు అన్నాను. నూనె గోరువెచ్చగా చేసి కుదుళ్లకు పట్టించి గంటసేపు ఉంచాలి. చిక్కు కింది నుంచి మొదలుపెట్టి పైకి తియ్యాలి, పైనుంచి లాగితే పిల్లకు ప్రాణం పోయినట్టుంటుంది. ఆవిడ మూడు పాయలు తీసి అల్లిన మొదటి జడ వదులుగా వచ్చింది, రబ్బరు బ్యాండు నిలవలేదు. అయినా పాప ఆ జడ ముందుకు వేసుకుంది. నా జడ కొస పట్టుకుని తన జడ పక్కన పెట్టి చూసింది. "టీచర్, మీదీ నాదీ ఒకటే" అంది.

తన జుట్టులాంటి జుట్టున్న మనిషిని అంత దగ్గరగా చూడటం, చేత్తో ముట్టుకోవడం తనకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఇంట్లో ప్రేమకు ఏమాత్రం కొదవ లేదు. అయినా ఈ వెలితి ఉంది.

వేరే దేశం నుంచి, వేరే జాతి నుంచి బిడ్డను తెచ్చుకున్న తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ బిడ్డ ఊరు వదిలింది, భాష వదిలింది, తెలిసిన వాసనలు వదిలింది, తనలాంటి ముఖాలు వదిలి సముద్రం దాటి మీ దగ్గరికొచ్చింది. అదీ ఎవరూ తనను అడక్కుండానే. తన వంతు దూరం తను వచ్చేసింది. మిగిలిన దూరం మీరు నడవాలి. రోజూ కొంచెం కొంచెం, ఏళ్ల తరబడి.

మొట్టమొదట, "మాకు రంగు కనపడదు, మనుషులే కనపడతారు" అనే మాట మానెయ్యండి. మంచి మనసుతో అనే మాటే. కానీ అది పిల్లను ఒంటరిని చేస్తుంది. కొరియా యుద్ధం ఆగింది 1953లో. ఆ తర్వాతి దశాబ్దాల్లో దాదాపు 2 లక్షల మంది కొరియా పిల్లలు అమెరికా, యూరప్ ఇళ్లకు దత్తత వెళ్లారు, ఎక్కువగా తెల్లవాళ్ల ఇళ్లకే. వాళ్లను పెంచినవాళ్లకు ఆ రోజుల్లో అందిన సలహా, మీ బిడ్డలాగే పెంచండి, తేడా గుర్తు చెయ్యకండి అని. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక 2009లో అమెరికాలో దత్తత మీద పనిచేసే డొనాల్డ్‌సన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను అడిగి చూసింది. కొరియా నుంచి వచ్చినవాళ్లలో 78 శాతం మంది, చిన్నప్పుడు తెల్లవాళ్లమనే అనుకున్నామనో, అలా అయితే బాగుండునని కోరుకున్నామనో చెప్పారు. రోజూ పళ్లు తోముకునేటప్పుడు అద్దంలో వేరే ముఖం కనిపిస్తుంటే ఆ పిల్లలు ఎంత తికమకపడి ఉంటారో ఆలోచించండి. ఇంట్లో ఎవరూ ఆ తికమక గురించి మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ప్రేమ అనుకున్నారు.

పిల్లలకు రంగు కనపడుతుంది. 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్న పిల్లల ముందు రెండు రకాల బొమ్మలు పెట్టారు, ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. ఏది మంచి బొమ్మ అని అడిగితే నల్లజాతి పిల్లల్లో ఎక్కువ మంది తెల్లబొమ్మ వైపే చెయ్యి చాపారు. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన కూడా ఉంది. అంటే బడికి వెళ్లే వయసుకే పిల్ల మనసులో ఎక్కువ తక్కువల లెక్క మొదలైపోతుంది. మీరు నోరు విప్పకపోతే ఆ లెక్కను ఊరు నేర్పిస్తుంది.

కాబట్టి ఇంట్లో ఒకసారి లెక్క చూసుకోండి. గత నెలలో మీ బిడ్డ రంగు మనుషులు ఎంతమంది మీ ఇంటికొచ్చి మీ బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు? పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు, పియానో టీచరు, పక్కింటివాళ్లు, వీళ్లలో ఒక్కరైనా మీ బిడ్డలా ఉంటారా? గోడ మీద ఏనుగు బొమ్మ, ఏడాదికోసారి దీపావళికి పట్టులంగా, వేసవిలో వారం రోజుల క్యాంపు పిల్లకు సరదాగానే ఉంటాయి. కానీ పిల్లకు కావలసింది బతికున్న మనుషులు. తనలాగే ఉండి, ఉద్యోగాలు చేస్తూ, కూరగాయలు కొంటూ, కోపాలు తెచ్చుకుంటూ మామూలుగా బతికే పెద్దవాళ్లు. అలాంటివాళ్లు మీ వీధిలో లేకపోతే వాళ్లున్న చోటికి మీరే వెళ్లాలి. కుదిరితే ఇల్లు మారండి. పెద్ద మాటే, తెలిసే అంటున్నాను. ఉద్యోగం కోసం ఊళ్లు మారేవాళ్లం, బిడ్డ కోసం మారలేమా?

ఈ దారిలో మీకూ ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది మీకు అవసరం. మా క్లాసుకొచ్చే ఆ తల్లి వెనక బెంచీలో తెలుగు అమ్మల మధ్య కూర్చునేది. వాళ్ల మాటలు అర్థంకావు. ఒకరు నవ్వితే ఎందుకు నవ్వారో తెలియదు. గదిలో వేరుగా కనిపించేది తనొక్కతే. మొదట్లో ఫోన్ చూసుకుంటూ ఉండేది. నాలుగో వారం నోటుబుక్కు తెచ్చుకుని పాపతో పాటు అ, ఆలు దిద్దడం మొదలుపెట్టింది. "నా కూతురు రోజూ బడిలో ఇలాగే కూర్చుంటుంది కదా. ఒక్క పూట నేను కూర్చోలేనా" అంది.

ఇక బయటివాళ్ల ప్రశ్నలు. సూపర్‌మార్కెట్లో, పార్కులో, విమానంలో ఎవరో ఒకరు అడుగుతారు. "ఈ పాప మీ పాపేనా? అసలు తల్లి ఏమైంది? ఎంత ఖర్చయింది?" మీరు జవాబిస్తున్నది ఎదుటి మనిషికే అయినా, వింటున్నది పక్కన మీ వేలు పట్టుకున్న బిడ్డ. "అవును, నా కూతురు" అని ఆగండి. ఇంకా గుచ్చి అడిగితే, "తన కథ తన సొంతం" అనండి. మర్యాదగానే, గట్టిగా. బిడ్డ పుట్టుపూర్వోత్తరాలు లైన్లో నిలబడ్డ మనిషికి వినోదంగా చెప్పకండి. ఎంత ముద్దుగా చెప్పినా సరే, అది మీరు పంచిపెట్టాల్సిన కథ కాదు.

పిల్లకు కూడా జవాబులు నేర్పాలి. అమెరికాలో దత్తత పిల్లలకు నేర్పే ఒక పద్ధతిలో నాలుగు దారులున్నాయి. నచ్చకపోతే అక్కణ్ణుంచి వెళ్లిపోవచ్చు, అది నా సొంత విషయం అనొచ్చు, చెప్పాలనిపించినంత చెప్పొచ్చు, ఎదుటివాళ్లకు తెలియని సంగతి నేర్పొచ్చు. ఏ దారి పట్టాలో నిర్ణయించేది పిల్లే. ఇంట్లో ఆటలా సాధన చేయించండి. మీరు అమ్మమ్మ స్నేహితురాలిలా అడగండి, పిల్ల జవాబు చెప్తుంది. పదిసార్లు ఆడితే బయట నోరు పెగులుతుంది.

బడిలో ఎవరో "నీ చర్మం బురదలా ఉంది" అన్నారని పిల్ల వచ్చి చెప్పిందనుకోండి. "వాడేదో ఊరికే అన్నాడులే, పట్టించుకోకు" అంటే, ఇంకోసారి పిల్ల మీకు చెప్పదు. నమ్మండి. ఏమన్నాడు, ఎవరున్నారు, నీకేమనిపించింది అని అడిగి మొత్తం వినండి. అలా అనడం తప్పు, తప్పు వాడిది అని చెప్పండి. మర్నాడు బడికి వెళ్లండి. మీ జీవితంలో మీకు ఎప్పుడూ ఎదురుకాని అవమానం మీ బిడ్డకు ఎదురైంది. దాన్ని మీ అనుభవంతో కొలవకండి.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు ఒక మాట. ఆ పాప క్లాసుకు రావడం మొదలయ్యాక మాలో చాలామంది ఆ తల్లితో ఒకే మాట అన్నాం. "ఎంత పుణ్యం చేసుకుంటున్నారు" అని. పాపతో, "నువ్వెంత అదృష్టవంతురాలివో" అని. నేనూ అన్నాను. ఒకరోజు పాప నన్నడిగింది, "టీచర్, మీ అమ్మాయి కూడా అదృష్టవంతురాలేనా?" నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయిని ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు. అమ్మ దగ్గర ఉండటానికి తనకు అదృష్టం అక్కర్లేదు, అది తన హక్కు. అదే హక్కు ఈ పాపకూ ఉంది. కానీ మనం పొగిడిన ప్రతిసారీ ఆ పిల్ల నెత్తిన ఒక అప్పు పెడుతున్నాం. అప్పున్న పిల్ల కోప్పడలేదు. నాకు మా అమ్మ గుర్తొస్తోంది, మా ఊరు గుర్తొస్తోంది అనలేదు. మార్కులు తగ్గినా, మొండిచేసినా, కృతజ్ఞత లేని పిల్ల అవుతానేమో అని భయం. దత్తత పిల్లలు కొందరు అతి మంచిగా ఉంటారు. చూసి మనం మురిసిపోతాం. ఆ మంచితనం వెనక ఎంత భయం ఉందో కనిపెట్టాల్సింది పెంచినవాళ్లే.

పుణ్యం అనే మాట మన ఇళ్లలో మంచి మాటే. గుళ్లో, అన్నదానంలో వాడుకుందాం. బిడ్డ విషయంలో వద్దు.

నిజం ఎప్పుడు చెప్పాలి అని చాలామంది అడుగుతారు. రంగు వేరైన ఇంట్లో దాచడానికి ఏముంటుంది? కానీ దత్తత అన్న సంగతి తెలియడం వేరు, తన కథ తెలియడం వేరు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మొదట్లో ఆ మాటలు పిల్లకు అర్థం కావు, మీ నోటికి మాత్రం అలవాటవుతాయి. రెండేళ్ల పిల్లకు, నువ్వు ఇంకో అమ్మ కడుపులో పుట్టావు, నిన్ను తెచ్చుకోవడానికి మేము విమానంలో వచ్చాం అంటే చాలు. ఏడెనిమిదేళ్లొస్తే అసలు ప్రశ్న వస్తుంది, "మరి ఆ అమ్మ నన్నెందుకు వదిలేసింది?" ఇక్కడ చాలామంది ఒక తియ్యటి మాట చెప్తారు, నీ మీద ఎంతో ప్రేమతోనే ఇచ్చేసింది అని. వద్దు. ప్రేమ ఉంటే వదిలేస్తారని పిల్ల అర్థం చేసుకుంటుంది. మీరూ ప్రేమిస్తున్నారు కదా, రేపు మీరూ వదిలేస్తారేమో అని భయపడుతుంది. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి. "ఆసుపత్రి దగ్గర నువ్వు దొరికావని కాగితంలో రాసి ఉంది. అమ్మ ఎవరో, ఎందుకు అలా చెయ్యాల్సొచ్చిందో మాకు తెలియదు. నీలో తప్పేమీ లేదు, పసిపిల్లలో తప్పుండదు. తెలుసుకోవాలని మాకూ ఉంది." పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి.

తెలియనిది కల్పించి చెప్పకూడదనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. కాగితాల్లో ఉన్నదంతా నిజం కాకపోవచ్చు. విదేశీ దత్తతల్లో అక్రమాలు జరుగుతున్నాయని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరం మీద మన సుప్రీంకోర్టు 1984లోనే కట్టుదిట్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 1999లో, 2001లో తెలంగాణ లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కాసిని డబ్బులకు కొని దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. కొరియాలో తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అనాథలని రాసి పంపిన ఉదంతాలున్నాయని ఆ దేశపు సత్యశోధన సంఘమే 2025 మార్చిలో తేల్చింది. పిల్లలకు చెప్పే కథలో "నిన్ను ఎవరూ కోరుకోలేదు" అనే వాక్యం ఉంటే, రేపు అది అబద్ధమని తేలొచ్చు. వెతుకుతూ ఏడ్చిన తల్లి ఒకామె ఎక్కడో ఉండి ఉండొచ్చు.

అందుకే కాగితాలు బంగారంతో సమానంగా దాచండి. శిశుగృహం ఇచ్చిన నివేదిక, వైద్య పరీక్షల రిపోర్టు, దత్తత ఉత్తర్వు, మొదటి ఫొటోలు, పిల్లను చూసుకున్న ఆయా పేరు, అన్నిటికీ రెండేసి కాపీలు. మన దేశపు దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిది దాటిన బిడ్డ తన మూలాల గురించి తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకు ముందైతే తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి. కన్నవాళ్ల గోప్యతకూ ఆ నిబంధనల్లో రక్షణ ఉంది, కాబట్టి దొరికి తీరుతుందని పిల్లకు మాటివ్వకండి. అమెరికాలో ఉన్నవాళ్లు పౌరసత్వ ధ్రువపత్రం, పాస్‌పోర్టు వెంటనే తీసుకోండి. 2000 నాటి చట్టం దత్తత పిల్లలకు దానంతటదే పౌరసత్వం ఇచ్చింది. కానీ అది అమల్లోకి వచ్చిన 2001 ఫిబ్రవరి 27 నాటికే పద్దెనిమిది నిండినవాళ్లకు వర్తించలేదు. అమ్మానాన్నలు అప్పట్లో కాగితం పెట్టకపోవడం వల్ల, నడివయసులో, భాష కూడా రాని దేశానికి తిప్పి పంపబడ్డవాళ్లున్నారు.

విదేశాల్లో ఉన్న తెలుగు దంపతులు కూడా, దత్తతల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా మన దేశం నుంచి బిడ్డల్ని దత్తత తెచ్చుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక ఏ ఒడిశా నుంచో, జార్ఖండ్ నుంచో బిడ్డ వస్తుంది. మనలాగే ఉంది కదా, ఇంక తేడా ఏముంది అనుకుంటారు. తేడా చాలా ఉంది. నాలుగేళ్ల ఒడియా పిల్లకు మీ తెలుగూ పరాయిదే, అమెరికా ఇంగ్లీషూ పరాయిదే. తీసుకురావడానికి వెళ్లేముందే పిల్ల భాషలో పాతిక మాటలు నేర్చుకోండి. నీళ్లను పాణి అంటారు, ఆకలిని భొక అంటారు, నిద్రను నిద అంటారు. అర్ధరాత్రి పిల్ల లేచి పాణి అని ఏడుస్తుంటే అర్థంకాక మీరు ఆటబొమ్మ ఇచ్చే పరిస్థితి రాకూడదు. ఆయా గొంతుతో జోలపాట ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పిల్ల కప్పుకున్న దుప్పటి అడిగి తెచ్చుకోండి, తెచ్చాక ఉతక్కండి. ఆ వాసనే ఆ పిల్లకు మిగిలిన ఇల్లు.

భాష మరిచిపోతే పోయిందిలే అనుకోవద్దు. మాంట్రియల్ పరిశోధకులు 2014లో ఒక విషయం తేల్చారు. ఏడాది వయసప్పుడు చైనా నుంచి ఫ్రెంచి ఇళ్లకు వెళ్లి, చైనా భాష పూర్తిగా మరిచిపోయిన అమ్మాయిలకు ఆ భాష స్వరాలు వినిపిస్తే, ఆ భాష రోజూ మాట్లాడేవాళ్ల మెదడు స్పందించినట్టే వాళ్ల మెదడూ స్పందించింది. నోటికి రాకపోయినా లోపల చెరగలేదు. వారానికోసారి ఒక ఒడియా పాట పెట్టడానికి మీకేం పోతుంది?

మొదటి వారాల్లో బారసాల, ఫంక్షను, వందమంది భోజనాలు పెట్టుకోకండి. వచ్చినవాళ్లంతా ఎత్తుకుంటారు, ముద్దులు పెడతారు. శిశుగృహంలో పెరిగిన కొందరు పిల్లలు ఎవరు చేతులు చాపినా వెళ్లిపోతారు. కలివిడి పిల్ల అని మనం సంబరపడతాం. ఎవరు నా మనిషో ఆ పిల్లకు ఇంకా తెలియదు, అంతే. కొన్నాళ్లు అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది, దెబ్బ తగిలితే ఎత్తుకునేది మీ ఇద్దరే కావాలి. దిండు కింద చపాతీ ముక్క దొరికితే తిట్టకండి. చేతికందే చోట ఒక గిన్నెలో పండో బిస్కెట్లో ఎప్పుడూ ఉంచండి. గిన్నె ఖాళీ కాదని నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది. ఆ పిల్లకు అక్కడ పెట్టిన పేరు తీసి పారెయ్యకండి, మీ పేరుకు జతగానైనా ఉంచండి. తన వెంట తెచ్చుకున్న సామానులో అదొక్కటే పూర్తిగా తనది.

చుట్టాల సంగతి సూటిగా చెప్తాను. "ఏ కులం పిల్లో", "కాస్త రంగున్న పిల్ల దొరకలేదా", "మీ పోలికలు లేవే" ఈ మాటలు మన ఇళ్లలో ఇప్పటికీ వస్తాయి. పెద్దవాళ్లు కదా అని ఊరుకోకండి. "మా అమ్మాయి అత్తయ్యా. మా ఇంటిపేరే తన ఇంటిపేరు. ఇంకోసారి ఈ మాట మా ఇంట్లో వద్దు" అని పిల్ల వినేలా చెప్పండి. వినని చుట్టరికం దూరమైనా ఫర్వాలేదు.

ఇంకో రెండు చిన్న సంగతులు. డాక్టరు దగ్గర ఫారంలో ఇంట్లో ఎవరికైనా షుగరుందా, గుండెజబ్బుందా అని ఉంటుంది. దత్తత, వివరాలు తెలియవు అని ముందే రాసిపెట్టండి, ప్రతిసారీ పిల్ల నోటితో తెలియదు అనిపించకండి. ఆడపిల్లయితే ఈడేరడం గురించి తొందరగా మాట్లాడండి. స్వీడన్ దత్తత వెళ్లిన 107 మంది భారతీయ బాలికల మీద 1991లో అచ్చయిన పరిశోధనలో, వాళ్లలో సగం మంది 11.6 ఏళ్లలోపే పెద్దమనుషులయ్యారు. పైగా చాలామంది పిల్లల పుట్టినతేదీ డాక్టరు అంచనా వేసి రాసిందే. తొమ్మిదేళ్లకే చెప్పి ఉంచితే పిల్ల బెదరదు.

మా క్లాసు పాపకు పదకొండేళ్లప్పుడు అమ్మా నాన్నా హైదరాబాద్ తీసుకెళ్లారు. ఎవరో దొరుకుతారని ఆశ పెట్టలేదు, నువ్వు ఉన్న చోటు చూసొద్దాం అన్నారంతే. శిశుగృహంలో పాత ఆయాలెవరూ లేరు. వరండాలో కాసేపు కూర్చుని వచ్చేశారు. తిరిగొచ్చాక ఆ తల్లి నాకు ఒక్క సంగతే చెప్పింది. సుల్తాన్ బజార్‌లో గాజులు కొనడానికి దిగారట. పాపను చూసి దుకాణం అతను తెలుగులో ధర చెప్పాడు, పాప తెలుగులోనే బేరమాడింది. ఎవరూ తన వైపు రెండోసారి చూడలేదు. జనమంతా చూస్తున్నది వాళ్లమ్మని.

"అమ్మా, ఇవాళ అందరూ నిన్నే చూస్తున్నారు" అందట పాప. అని, ఆటో ఎక్కేదాకా వాళ్లమ్మ చెయ్యి వదల్లేదట.